తహ్త్ అల్ రబ్‌లో ఫానూస్: మాటు చూసి కొనండి

కైరోలో రంజాన్ లాంతరు కొనాలంటే జనం ముఖ్యంగా మూడు చోట్లకు వెళతారు. సయ్యిదా జైనబ్ మసీదు చుట్టూ పండగ నెలకు ముందే వెలిసే గుడారాల అంగళ్లు ఒకటి. యాత్రికులందరికీ తెలిసిన ఖాన్ అల్ ఖలీలీ బజారు రెండోది. బాబ్ జువైలా కోటద్వారానికి పడమరగా సాగే తహ్త్ అల్ రబ్ మూడోది. చేత్తో చేసిన రేకు లాంతరు, ఇక్కడివాళ్లు ఫానూస్ అనేది, కావాలనుకుంటే తహ్త్ అల్ రబ్‌కే వెళ్లండి. మిగతా రెండు చోట్లా చూడవలసినవీ కొనవలసినవీ ఉన్నాయి, వాటి సంగతి తరవాత చెబుతాను. లాంతరు మాత్రం అది తయారయ్యే వీధిలోనే కొనాలి.

ఈ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. నేను పుట్టి పెరిగింది పశ్చిమ గోదావరిలో, ఇత్తడి సామాన్లకు పేరుపడ్డ అజ్జరానికి దగ్గర్లో. చిల్లుపడ్డ బిందెకు మాటు, అంటే కరిగించిన లోహంతో అతుకు, వేయించాలన్నా, గిన్నెలకు కళాయి పెట్టించాలన్నా మా అమ్మ నన్నే పంపేది. పని అయ్యేదాకా కదలకుండా కూర్చుని చూసేదాన్ని. మాటు అంచు వెంట సన్నగా ఒకే తీరున పారిందా, బొట్లు బొట్లుగా గడ్డకట్టిందా అన్నది చూస్తే చాలు, పనివాడి చెయ్యి ఎలాంటిదో తెలిసిపోతుంది. ఇప్పటికీ ఏ లోహపు వస్తువు చేతికొచ్చినా ముందు తిరగేసి అతుకులే చూస్తాను.

మేముండేది కైరోకు దక్షిణాన మఆదీలో. రంజాన్ వస్తోందంటే మా భవనంలో ఉన్నవాళ్లందరూ తలా కొంత వేసుకుని, వాకిటికి రంగు కాగితాల తోరణాలు కట్టి మధ్యలో ఒక పెద్ద ఫానూస్ వేలాడదీస్తారు. పాతది తుప్పుపట్టి అడుగు ఊడిపోవడంతో కొత్తది తెచ్చే పని ఈసారి నాకు అప్పగించారు. మూడో అంతస్తులో ఉండే పెద్దావిడ, అందరం హాజ్జా అని పిలుచుకునే ఆవిడ, డబ్బు నా చేతిలో పెడుతూ ఒక్క షరతు పెట్టారు. "ప్లాస్టిక్‌ది తేవద్దు అమ్మాయీ. రేకుదే తే. కొవ్వొత్తి పెట్టుకునే తలుపు ఉండాలి."

మఆదీ నుంచి మెట్రో మొదటి లైనులో సాదాత్ స్టేషన్ దాకా వచ్చి, రెండో లైనుకు మారి ముహమ్మద్ నజీబ్‌లో దిగితే అక్కడినుంచి బాబ్ అల్ ఖల్క్ కూడలికి నడవవచ్చు. ఆ కూడలిలోనే ఇస్లామిక్ కళల మ్యూజియం ఉంది. 2014 జనవరిలో ఎదుటి పోలీసు కార్యాలయం దగ్గర జరిగిన బాంబు దాడిలో బాగా దెబ్బతిని, మరమ్మతుల తరవాత 2017లో మళ్లీ తెరిచిన మ్యూజియం ఇది. వీలుంటే ముందు ఇందులోకి వెళ్లండి. మమ్లూక్ సుల్తానుల కాలంలో మసీదుల్లో వేలాడదీసిన గాజు దీపాలున్నాయి. వాటి మీద నీలం, ఎరుపు మీనా పనితో, బంగారు పూతతో రాసిన అక్షరాలు చూశాక బయటికి వచ్చి వీధిలో రేకు లాంతర్లు చూస్తుంటే, రంగు గాజులోంచి వెలుగును పంపాలన్న ఆలోచన ఈ ఊళ్లో ఎంత పాతదో అర్థమవుతుంది.

మ్యూజియం పక్కనుంచి తూర్పుగా వెళ్లేదే తహ్త్ అల్ రబ్. పటాల్లో అహ్మద్ మాహిర్ వీధి అని ఉంటుంది, మనుషుల్ని అడిగేటప్పుడు పాత పేరే చెప్పండి. ఏడాది పొడవునా ఇది రేకు పనివాళ్ల వీధి. రంజాన్ దగ్గరపడేసరికి మిగతా సామానంతా లోపలికి సర్దేసి, దుకాణాల ముందు కమ్మీలు కట్టి, పైనుంచి కిందిదాకా ఫానూసులు వేలాడదీస్తారు. అరచేతిలో ఇమిడేవాటి నుంచి మనిషెత్తువి, అంతకన్నా పెద్దవి కూడా ఉంటాయి. హోటళ్లవాళ్లు ఆ పెద్దవాటి కోసం వస్తారు. గాలి వీచినప్పుడల్లా గాజు పలకలు రేకు గాడుల్లో కదిలి వీధంతా గలగలలాడుతుంది. కాలిబాట ఉన్నట్టే గాని, దాని మీద సరుకే ఉంటుంది కాబట్టి మనం రోడ్డు మీదే నడవాలి. మోటారుసైకిళ్లు, తోపుడు బళ్లు, తల మీద రొట్టెల పలక మోస్తూ సైకిలు తొక్కే కుర్రాళ్లు అందరూ ఆ ఇరుకులోంచే వెళతారు. పిల్లల్ని తీసుకెళితే చెయ్యి వదలకండి.

నేను కొన్న దుకాణం వెనకాలే పనిచోటు. లోపలికి వచ్చి చూడవచ్చా అని అడిగితే ఉస్తా, ఇక్కడ పనితనం తెలిసిన మేస్త్రీని అలాగే పిలుస్తారు, ఒక పీట తుడిచి ముందుకు జరిపారు. అరవై దాటిన మనిషి. ఆయన ముందు ఒక గ్యాసు పొయ్యి, దాని మంటలో రాగి మొన ఉన్న కడ్డీలు రెండు కాలుతున్నాయి. ఒకటి చల్లబడగానే రెండోది అందుకుంటారు. కాలిన మొనను నవాసాగరం దిమ్మ మీద ఒక్కసారి రుద్దితే తెల్లటి పొగ లేచి, రాగి తళుక్కుమంటుంది. దాన్ని తగరపు కడ్డీకి తాకించి, అంటుకున్న బొట్టును రెండు రేకుల అంచు మీద పెట్టి లాగారు. ఆగలేదు, వెనక్కి రాలేదు. జానెడు పొడవున సన్నటి వెండి గీత పడింది. ఆ వాసనకు నాకు మా ఊరి మాటు పనివాళ్ల అరుగు గుర్తొచ్చింది.

మాటు వేయడం చివరి దశ. అంతకు ముందు రేకును కత్తెరతో ముక్కలు కోస్తారు, అచ్చుల కింద పెట్టి చంద్రవంకలూ నక్షత్రాలూ పడేలా తొలుస్తారు, చేతికి గీరుకోకుండా అంచులు మడుస్తారు. గాజును వేరే చోట కోసి, రంగులద్ది, పువ్వులో అక్షరాలో అచ్చువేసి ఆరబెడతారు. పైకప్పు, నడుము, అడుగు, తలుపు, పిడి అన్నీ విడివిడిగా గుట్టలుగా పోసి ఉంటాయి. ఒకరు మడతలు, ఒకరు గాజు, ఒకరు మాటు, ఇలా ఒక్క లాంతరు ఎన్నో చేతులు మారుతుంది. ఈ పని రంజాన్‌కు ముందు మొదలుపెడితే తెమలదని, పండగ వెళ్లిన కొద్దిరోజులకే వచ్చే ఏటి సరుకు మొదలుపెడతామని ఉస్తా చెప్పారు.

ఆకారాలకు పేర్లున్నాయి, అవి తెలిస్తే బేరం తేలికవుతుంది. రాజు ఫారూఖ్ పేరుతో ఒకటి, పార్లమెంటులో వేలాడే దీపాన్ని చూసి చేశారని చెప్పే పార్లమెంట్ ఒకటి, పుచ్చకాయ ముక్క అని పిలిచేది ఒకటి. నాకు అన్నింటికన్నా నచ్చింది అబూ వెలాద్. నడుమ ఒక పెద్ద లాంతరు, దాని మూలలకు అతికించిన చిన్న లాంతర్లు, పిల్లల తండ్రి అన్నమాట. అందులో మాటు పని ఎక్కువ, కొలత ఏ కొంచెం తప్పినా మొత్తం ఒక పక్కకు ఒరిగిపోతుంది. గచ్చు మీద నిలబెట్టి చూడండి. నాలుగు వైపులా సమంగా నిలిస్తే మంచి చెయ్యి పడిందని నమ్మవచ్చు.

ధరల సంగతి. 2024 మార్చిలో, సరిగ్గా రంజాన్‌కు ముందు, డాలరుకు 31 ఈజిప్టు పౌండ్లున్న మారకం 50 దాకా వెళ్లింది. రేకు, తగరం, గాజు అన్నీ ఆ దెబ్బకు ప్రియమయ్యాయి, ఆ ప్రభావం లాంతర్ల మీద ఇప్పటికీ ఉంది. మా వాకిటికి తీసుకున్నది రెండడుగుల పైచిలుకు ఎత్తున్న పార్లమెంట్. 1,100 పౌండ్లు చెప్పి 900కు ఇచ్చారు. మన లెక్కలో దాదాపు 1,500 రూపాయలు. చేతిలో పట్టుకు తిరిగే చిన్నవి 100 పౌండ్ల అటూ ఇటూగా దొరికాయి, భవనంలో పిల్లలకు అవి తీసుకున్నాను. బేరం ఆడండి, ఎవరూ నొచ్చుకోరు. కాని సగానికి సగం అడగకండి. ఒక్క లాంతరులో ఎన్ని అతుకులున్నాయో వెనక్కి వెళ్లి చూసినవాళ్లెవరికీ అలా అడగడానికి నోరు రాదు. ఒకేచోట నాలుగైదు తీసుకుంటే వాళ్లే తగ్గిస్తారు.

కొనేముందు ఏం చూడాలో ఓపిగ్గా చెబుతాను, ఎందుకంటే ఈ వీధిలోనూ అన్ని సరుకులూ ఒక్కలా ఉండవు. మొదట తిరగేసి అడుగు చూడండి. మాటు అంచు పొడవునా పారి ఉండాలి. మూలల్లో మాత్రమే బొట్లు పెట్టి వదిలేస్తే వేలాడదీసిన కొన్నాళ్లకే అడుగు జారుతుంది. తరవాత పైనున్న ఉంగరం. మొత్తం బరువు మోసేది అదే కాబట్టి, దాన్ని రేకులోంచి దూర్చి లోపల వంచి మాటు వేశారా, పైపైన అతికించారా చూడాలి. ఆ తరవాత గాజు. పలకను వేలితో మెల్లగా నొక్కితే కొంచెం కదలాలి, కానీ ఊడి రాకూడదు. బిగుసుకుపోయి ఉంటే వేడికి పగిలే ప్రమాదముంది. రంగు గాజులో కలిసిందా, పైన పూసిందా అన్నది ఒక మూల గోటితో గీకితే తెలుస్తుంది. పూసినదైతే తప్పేమీ లేదు, చాలావరకు అలాంటివే, కానీ తడిగుడ్డతో తుడవకూడదు. చివరిగా తలుపు. మూసినప్పుడు కొక్కెం పడాలి. బల్బు పెట్టే హోల్డరు ఉంటే అక్కడే వెలిగించి చూపమనండి.

ఈ చివరి మాట ఊరికే చెప్పలేదు. అదే వీధిలో మరో దుకాణంలో ముందు ఒక లాంతరు నచ్చి, వెలిగించి చూపమని అడిగితే కరెంటు లేదన్నారు. పక్క దుకాణంలో దీపాలన్నీ వెలుగుతున్నాయి. తలుపు తెరిచి లోపల వేలితో రాస్తే బంగారు రంగు కింద నుంచి తుప్పు పొడి రాలింది. నిరుడు మిగిలినదానికి రంగు కొట్టి పెట్టారు. పాత సరుకని చెప్పి తక్కువకు అమ్మితే కొనుక్కునేవాళ్లుంటారు, కొత్తదని చెప్పడమే తప్పు. రంజాన్ కోసం కొనే వస్తువు విషయంలో అలా చేయడం నాకు బాధ కలిగించింది. ఆ అమ్మకందారుకు ఆ మాటే చెప్పి బయటికి వచ్చాను.

ప్లాస్టిక్ లాంతర్ల గురించి హాజ్జాకు ఉన్న కోపం ఈ ఊళ్లో చాలామందికి ఉంది. చైనా నుంచి బ్యాటరీతో పాడే బొమ్మ లాంతర్లు ఓడలకెత్తి వస్తుంటే రేకు పనివాళ్లు బతకడం కష్టమైంది. 2015లో ఈజిప్టు వాణిజ్య మంత్రిత్వ శాఖ జానపద కళల కిందికి వచ్చే వస్తువుల దిగుమతిని నిషేధించింది. రంజాన్ లాంతర్లు కూడా అందులో ఉన్నాయి. దాంతో ప్లాస్టిక్ మాయమైపోలేదు, ఇక్కడే తయారుచేయడం మొదలైంది. చెక్కను యంత్రంతో కోసినవి, గుడ్డ చుట్టినవి కూడా వచ్చాయి. ఫుట్‌బాల్ వీరుడు మొహమ్మద్ సలాహ్ బొమ్మతో వచ్చిన లాంతర్ల కోసం పిల్లలు ఎంత మారాం చేశారో 2018లో ఇక్కడున్నవాళ్లకు గుర్తుంటుంది. పిల్లల చేతికి చెక్కవి ఇవ్వడంలో అర్థముంది, అంచులు గీరుకోవు. కాని వాకిటికి, బాల్కనీకి రేకుదే కొనాలంటాను. గాజు పగిలితే ఒక్క పలక మార్చుకోవచ్చు, అతుకు వదిలితే మళ్లీ మాటు వేయించుకోవచ్చు. మా పాత లాంతరును కూడా పారేయకుండా పట్టుకెళ్లాను. ఉస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి, నడుము గట్టిగానే ఉందని చెప్పి, కొత్త అడుగు కోసి అక్కడికక్కడే అతికించి ఇచ్చారు. 150 పౌండ్లు తీసుకున్నారు. అది ఇప్పుడు మా వాచ్‌మన్ గది ముందు ఉంది.

తహ్త్ అల్ రబ్ చివరికంటా నడిస్తే బాబ్ జువైలా. 1092లో ఫాతిమీయుల మంత్రి బద్ర్ అల్ జమాలీ కట్టించిన ద్వారం. దాని బురుజుల మీద నిలబడ్డ జంట మినార్లు పక్కనున్న సుల్తాన్ అల్ ముఅయ్యద్ మసీదువి. ఆ మసీదు కంచు తలుపు చూడకుండా రావద్దు. సుల్తాన్ హసన్ మసీదుకని చేసిన తలుపును అల్ ముఅయ్యద్ తన మసీదుకు తెచ్చి పెట్టించాడు. దాని మీద నక్షత్రాల అల్లికను దగ్గరగా చూస్తే, రేకు లాంతర్ల మీద అచ్చుతో తొలిచే నక్షత్రం ఎక్కడి నుంచి వచ్చిందో అడగనక్కర్లేదు. ఫాతిమీ ఖలీఫా అల్ ముయిజ్ 973లో రంజాన్ నెలలో కైరోకు వచ్చినప్పుడు జనం లాంతర్లు పట్టుకుని ఎదురువెళ్లారని, ఫానూస్ ఆనవాయితీ అప్పుడే మొదలైందని ఇక్కడ ఇంటింటా చెప్పుకుంటారు. ఉస్తా కూడా ఆ కథే చెప్పారు, మాటు వేయడం ఆపకుండానే.

ద్వారం దాటి దక్షిణానికి వెళితే ఖయామియా, గుడారాలు కుట్టేవాళ్ల వీధి. 17వ శతాబ్దంలో రద్వాన్ బే కట్టించిన కప్పు ఇప్పటికీ వీధి మీద నిలిచి ఉంది. ఇక్కడ ఎర్రటి, నీలపు డిజైన్లు అచ్చువేసిన గుడ్డ మీటర్ల లెక్కన అమ్ముతారు, రంజాన్‌లో బల్లల మీదా గోడల మీదా కనిపించేది అదే. బల్లకు కప్పడానికి అది చాలు. కానీ లోపల పీఠం మీద కాళ్లు ముడుచుకుని, గుడ్డ ముక్కల అంచులు సూదితో మడుచుకుంటూ కుట్టేవాళ్ల పని వేరు. ధరా వేరే. రెండింటినీ ఒక గాట కట్టి "ఇంత తేడా ఎందుకు" అని వాళ్లను అడగడం న్యాయం కాదు.

తినే సరుకుకు మాత్రం సయ్యిదా జైనబ్. మఆదీ వాళ్లకు ఒకే మెట్రో, మారే పని లేదు. ఇక్కడ లాంతర్ల రాశులు చూడటానికి మరింత ఘనంగా ఉంటాయి, ధరలు కూడా పోటీగానే ఉంటాయి, కానీ చేసినవాళ్లు ఎదురుగా ఉండరు, అడిగితే జవాబు చెప్పేది అమ్మే కుర్రాడే. ఎండు పళ్లు, గింజలు, అన్నీ కలిపి యామిష్ అంటారు, వాటికి ఇదే సరైన చోటు. బస్తాల మూతులు మడిచి గోపురాల్లా పోసిన ఎండుద్రాక్ష, అంజీర్, ఆక్రోటు, కొబ్బరి కోరు. అస్వాన్ నుంచి వచ్చే గట్టి ఖర్జూరం రకరకాలు, అత్యంత ఖరీదైన రకానికి ఆ ఏడాది పేరు మోగుతున్నవాళ్ల పేరు పెట్టి సుద్దతో రాస్తారు. ఖమరుద్దీన్ అని నారింజ రంగు కాగితంలో చుట్టి అమ్మే ఎండబెట్టిన ఆప్రికాట్ గుజ్జు మన మామిడి తాండ్రలాగే ఉంటుంది. రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఉపవాసం విడిచేటప్పుడు తాగుతారు. సిరియా సరుకు అడగండి, పులుపు నిలుస్తుంది.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక విశేషం. కుప్పలుగా పోసిన ముదురు ఎరుపు కర్కదే మన గోంగూర మొక్కకే కాసేది. మనం ఆకు తింటాం, వీళ్లు పువ్వు రాలాక కాయను చుట్టి ఉండే ఎర్రటి రెక్కలను ఎండబెట్టి మరిగించి చల్లార్చి తాగుతారు. గింజ లేకుండా, రెక్క విరగకుండా ఉన్న అస్వాన్ కర్కదే తీసుకోండి. పొడిగా ఉన్నది చవగ్గా ఇస్తారు, కానీ అడుగున ఇసుక తేలుతుంది. పక్కనే చింతపండు షర్బత్‌కు చింతపండు అమ్ముతారు, దాన్ని కొనేటప్పుడు మాత్రం మనకు ఎవరూ ఏమీ నేర్పనక్కర్లేదు.

ఖాన్ అల్ ఖలీలీలో నేను లాంతరు కొనమని చెప్పను. 14వ శతాబ్దం చివరి నుంచి ఉన్న బజారు, రాత్రిపూట దాని అందం దానిదే. తొలిచిన ఇత్తడి దీపాలు, రంగు గాజు ముక్కలు పొదిగిన గుండ్రటి దీపాలు కావాలంటే అక్కడే దొరుకుతాయి. రంజాన్ రేకు ఫానూస్ మాత్రం అక్కడికి తహ్త్ అల్ రబ్ నుంచే వస్తుంది, ధర ఎక్కువవుతుంది. ఒక టీ తాగి, అల్ ముయిజ్ వీధిలో నడిచి రండి.

ఎప్పుడు వెళ్లాలంటే, రంజాన్‌కు పదిహేను రోజుల ముందు, మామూలు రోజున, పొద్దున పదకొండు తరవాత. శుక్రవారం ప్రార్థన అయ్యేదాకా చాలా దుకాణాలు తెరవరు. చివరి వారంలో సాయంత్రాలు అడుగు వేయడానికి చోటుండదు, అప్పుడు అతుకులు చూస్తూ నిలబడితే వెనకవాళ్లు ఊరుకోరు. చిల్లర తీసుకెళ్లండి, కార్డులు నడవవు. పెద్ద లాంతరైతే గాజు పలకలు విప్పి పాత వార్తాపత్రికల్లో చుట్టి ఇమ్మనండి, ఇంటికి వచ్చి గాడుల్లో దూర్చుకోవడం కష్టం కాదు. ఒకటి రెండు పలకలు అదనంగా అడిగితే కొంచెం డబ్బుకు ఇస్తారు.

అబూ వెలాద్ నాకు కావలసిన కొలతలో దొరకలేదు. పండగ వెళ్లాక రమ్మన్నారు ఉస్తా, అప్పుడైతే కొలత చెప్పి, గాజు రంగులు ఎంచుకుని చేయించుకోవచ్చట. బయానా ఇచ్చి కొలతలు రాయించి వచ్చాను. నీలం, ఆకుపచ్చ గాజు, మూలలకు నాలుగు పిల్లలు, ఇంటికి తెచ్చుకునేది అది.